బోడిమెడ పుంజు, కాస్త ఆముదం

మా పెరట్లోని పుంజును మొదటిసారి చూసినవాళ్ళు రెండే రెండు ప్రశ్నలు అడిగేవారు. దీనికేం రోగం? లేకపోతే, సగం ఈకలు పీకి ఎందుకు వదిలేశారు? రోగమూ కాదు, సగంలో ఆగిపోయిన వంటా కాదు, దాని పుట్టుకే అంత అని చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చేది. బోడిమెడ కోడి అంటారు. ఒళ్ళంతా ఈకలు మామూలుగానే ఉంటాయి. నెత్తిమీద టోపీ పెట్టినట్టు కొన్ని ఉంటాయి. మధ్యలో మెడ మాత్రం నున్నగా, ఎర్రగా ఉంటుంది. మెడ మొదట్లో ముందువైపు చిన్న ఈకల కుచ్చు ఒకటి. ఆ కుచ్చు వల్ల మా పుంజు రోజూ పొద్దున్నే ఏదో పెళ్ళికి బయలుదేరుతున్నట్టు ఉండేది.

మా పక్కింటి తమిళ అక్క దాన్ని మొదటిసారి చూసినప్పుడు గోడ మీంచి అరిచిన అరుపుకు మా వీధంతా బయటికొచ్చింది. "అయ్యయ్యో, ఈ కోడికి తోలు ఎవురు ఒలిచినారు?" అంది. పశువుల ఆస్పత్రి కాంపౌండరు ఇంకో అడుగు ముందుకేసి, పూయమని ఆయింట్‌మెంటు రాసిచ్చాడు. మా అత్త ఆ ట్యూబు తీసుకొచ్చి తన మోకాలికి రాసుకుంది. కొంచెం గుణమిచ్చిందని కూడా చెప్పింది.

మేముండేది కేజీఎఫ్‌లో, గని కార్మికులకు కట్టిన లైను ఇళ్ళలో ఒకదాంట్లో. మా మామయ్య గనిలోకి దిగిన రోజుల్లో వచ్చిన ఇల్లు. గని మూతపడింది, మామయ్య పోయాడు, ఇల్లు మాత్రం మాకు మిగిలింది. వెనక నాలుగు రేకులు పాతిన పెరడు, ఒక కరివేపాకు చెట్టు, ఆ రేకుల అవతల బంగారం తీశాక మిగిలిన పొడిమట్టి పోసిన సైనైడ్ దిబ్బ. గాలి లేచే నెలల్లో దిబ్బ మీది దుమ్ము ఉతికిన బట్టల మీద పడుతుంది. కోళ్ళు ఆ దుమ్ములో పొర్లకూడదని అత్త బండెడు ఎర్రమట్టి తెప్పించి పెరట్లో పోయించింది. మామయ్య గని హెల్మెట్ వంటింటి గూట్లో బోర్లా కాక వెల్లకిలా ఉంటుంది. అందులో రాగులు పోసి, ఆ రాగుల్లో గుడ్లు మొన కిందికి వచ్చేటట్టు గుచ్చి పెడుతుంది అత్త. భూమి లోపల మామయ్య తల కాపాడింది, ఇప్పుడు గుడ్లు కాపాడుతోంది.

అత్తది రాయల్పాడు పక్క పల్లె. పెళ్ళయిన మూడో నెలలో పుట్టింటి నుంచి బస్సులో ఒక బుట్ట తెచ్చుకుందట. అందులో రెండు బోడిమెడ పెట్టలు, ఒక పుంజు. అప్పటి నుంచి ఆ వంశం ఈ పెరట్లో తెగలేదు. నేను కోడలిగా వచ్చేనాటికి అవి ఎన్నో తరాలు ఏలేశాయి. కాబట్టి ఈ ఇంట్లో సీనియారిటీ లెక్క తీస్తే నా పేరు కోళ్ళ తరవాతే వస్తుంది. ఆ సంగతి అత్త నాకు మొదటి వారంలోనే తెలియజేసింది. అన్నం గిన్నె దించగానే మొదటి పిడికెడు పెరట్లోకే వెళ్ళేది.

నేను కోలారు టౌనులో పెరిగినదాన్ని. స్కూల్లో లెక్కల టీచర్ని. గుడ్డంటే కొట్లో అట్టలో వచ్చేది అనుకునేదాన్ని. ఈ బోడిమెడల్ని చూస్తే మొదట్లో నాకు ఒళ్ళు జలదరించేది. మా ఆయన మాలూరులో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తారు, తెల్లవారకముందే రైలుకు పోతారు. ఒకసారి తోటి ఉద్యోగి ఫోన్లో ఏదో చూపించాడని ఇంటికొచ్చి గొప్పగా చెప్పారు. మన కోళ్ళను హెరిటేజ్ బ్రీడ్ అంటారట, చాలా అరుదట, జనం వెతుక్కుంటూ వస్తున్నారట. అత్త గంప కింద చెయ్యి పెట్టి గుడ్డు వెతుకుతూ, "పేరు ఏదైతే ఏముండాది నాయనా, ఇంగ నాలుగు దినాలు గుడ్డు పెట్టితే సరి" అంది.

నేను ఎప్పుడు మారానో నాకే తెలియదు. ఒక ఎండాకాలం అనుకుంటాను. ఊరందరి కోళ్ళూ నోళ్ళు తెరుచుకుని నీడల్లో రొప్పుతుంటే, ఇవి మాత్రం నడిమధ్యాహ్నం ఎండలో షికారు చేసేవి. మెడకు గాలి తగులుతుంది కదా. ఇంకోటి, పుంజు. దాని పేరు బోడప్ప, అత్త పెట్టిందే. ఎర్రటి డేగ రంగు ఒళ్ళు, నల్లటి తోక. అది ఏ గింజ కనిపించినా ముందు తాను తినదు. కొక్కొక్కొ అని పిలిచి, పెట్టలు వచ్చి తింటుంటే పక్కన నిలబడి చూస్తుంది. ఈ ఇంటి మగవాళ్ళలో ఆ అలవాటు ఉన్నది దానికొక్కదానికే. సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చి పెరట్లో కుర్చీ వేసుకుంటే నా చెప్పు పక్కన వచ్చి కూర్చునేది. పిల్లల నోటుబుక్కులు దిద్దుతూ దాని మెడ నిమిరేదాన్ని. వెచ్చగా, మెత్తగా ఉండేది. నాకు దాని మీద ప్రేమ పుట్టింది, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఆ తరవాతి వానల్లో కొక్కెర రోగం వచ్చింది. అది వస్తే కోళ్ళు మెడ వాల్చేసి, తెల్లగా పారి, రెండు రోజుల్లో పోతాయి. దానికి ముందుగా చుక్కల మందు వేయించాలి. ఆ పని నాది. పశువుల ఆస్పత్రి స్కూలు దారిలోనే ఉంది కాబట్టి అత్త నాకు అప్పగించింది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతూ, రేపు తెస్తాను, ఎల్లుండి తెస్తాను అంటూ నెట్టేశాను. వారంలో పెరడు ఖాళీ అయింది. మిగిలింది మూడే. బోడప్ప, ఒక ముసలి బోడిమెడ పెట్ట, దాని కూతురైన ఒక మామూలు మెడ పెట్ట. అత్త నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

రెండు నెలలు తిరక్కుండానే నాకు డెంగీ పట్టుకుంది. పది రోజులు ఆస్పత్రిలో పడున్నాను. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని డాక్టర్లు మొహాలు ముడుచుకున్నారు, తరవాత అవే పెరిగాయి, ఇంటికి వచ్చేశాను. వచ్చిన రోజు నుంచి అత్తకు ఒక కొత్త అలవాటు పట్టుకుంది. పొద్దున్నే నేను కాఫీ తాగుతుంటే చేతి వెనక వైపు నా నుదుటికి ఆనించి చూసేది. బాగున్నాను అత్తా అన్నా వినేది కాదు.

చలి తగ్గాక పెట్ట పొదిగితే ఆరు పిల్లలు లేచాయి. రెండింటిని గద్ద తన్నుకుపోయింది. మిగిలిన నాలుగింట్లో మూడు బోడిమెడలు. మా సంతోషం నెల కూడా నిలవలేదు. మూడూ ఆడపిల్లలే. ఆడపిల్లలు మహాలక్ష్ములే, కాదనను, కానీ పుంజు లేకుండా వంశం నిలవదు కదా. మళ్ళీ భారమంతా బోడప్ప మీదే పడింది.

అలాంటి రోజుల్లో, ఉగాది వెళ్ళిన మర్నాడు, అత్త వక్క కొరుకుతూ మామూలుగా చెప్పింది. "ఈసారి గంగమ్మ జాతరకు బోడప్పను ఇయ్యల్ల. మొక్కుకోనుండా."

నా చేతిలో సుద్దముక్క ఉంటే జారిపడేది. "ఏమి అత్తా నువ్వు చెప్పేది? ఉండేది ఒకే పుంజు."

"తెలుసు కదమ్మా. నేనే కదా సాకినాను."

"దేనికి మొక్కినావు?"

"మొక్కు బయట చెప్పకూడదు. పని అయిపోయినాది. ఇంగ తీర్చల్ల, అంతే."

నేను లెక్క వేసుకున్నాను. మా ఆయనకు ఫ్యాక్టరీలో ఉద్యోగం ఆ చలికాలంలోనే పర్మనెంటు అయింది. అంటే కొడుకు ఉద్యోగం కోసం మొక్కుకుంది, ఇంకేముంది. ఆ రాత్రి భోజనం దగ్గర మా ఆయన్ని నేను చూసిన చూపుకు పాపం ఆయన రెండోసారి సాంబారు అడగలేదు.

బదులు ఇంకో పుంజును ఇద్దామన్నాను. రెండు ఇద్దామన్నాను. అత్త ఒప్పుకోలేదు. "బోడప్పను ఇస్తానని పేరు చెప్పి మొక్కినా. పేరు చెప్పినాక మార్చేది ఉండదు" అంది. పోనీ ముందు దానికో వారసుణ్ణి తెచ్చిపెడదామని ఒక ఆదివారం క్యాసంబళ్ళి సంతకు వెళ్ళాను. అక్కడ ఉన్నవన్నీ ఫారం సంకరాలు, మెడ నిండా ఈకలు. బోడిమెడ ఉందా అని అడిగితే ఒకాయన, "ఉంటే కోసేటప్పుడు పీకే పని తగ్గుతుంది కదక్కా" అని నవ్వాడు. ఇంకో ఆదివారం అత్త పుట్టింటికి వెళ్ళాం. మామిడి తోపుల మధ్య ఇంటింటికీ తిరిగాం. ఒకప్పుడు ప్రతి పెరట్లో ఉండేవన్నారు. ఇప్పుడు అందరూ షెడ్లు వేసుకుని తెల్ల కోళ్ళు పెంచుతున్నారు. ఒక ముసలమ్మ మాత్రం మా ఫోన్లో బోడప్ప ఫోటో చూసి, "అయ్యో తల్లీ, ఇవి ఇంగా ఉండాయా?" అని స్క్రీనును వేలితో నిమిరింది. తిరుగు బస్సులో అత్త కిటికీ బయటికే చూస్తూ కూర్చుంది. ఆమెకు ఆ పుంజును ఇవ్వడం నాకన్నా ఎక్కువ కష్టమని ఆ రోజు నాకు బాగా అర్థమైంది.

దారి చూపించింది పక్కింటి అక్క.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు అమ్మవారికి కోడిని ఊరికే ఇచ్చేస్తే చెల్లదు. గుడి ముందు నిలబెట్టి పూజారి దాని మీద పసుపు నీళ్ళు చల్లుతాడు. కోడి ఒళ్ళు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. అప్పుడు ఇంటికి తెచ్చి కోసి, వండి, నైవేద్యం పెట్టి తింటారు. మూడుసార్లు చల్లినా విదిలించకపోతే అమ్మకు ఆ కోడి వద్దని అర్థం. వెనక్కి తీసుకుపోవచ్చు, మొక్కు తీరినట్టే.

"మా మామ ఒకసారి పొట్టేలికి ఆముదం పూసి తీసుకుపోయినాడు" అంది అక్క గొంతు తగ్గించి. "నీళ్ళు అట్లే జారిపోయినాయి. అది సుమ్మా, ఊరికే నిలబడిండింది. ఇంగా మూడేళ్ళు బతికె."

నేను లెక్కల టీచర్ని. విన్నమాట విన్నట్టు నమ్మను. సోమవారం పొద్దున అత్త పాలకు వెళ్ళినప్పుడు బోడప్ప మీద ఊరికే నీళ్ళు చల్లాను. వెంటనే విదిలించింది, నా చీరంతా తడిసింది. మంగళవారం కొబ్బరినూనె పూసి చల్లాను. కొంచెం ఆలోచించి విదిలించింది. బుధవారం ఆముదం. మెడకు, వీపుకు, రెక్కల సందుల్లో, తోక మొదట్లో బాగా పట్టించి చల్లాను. నీళ్ళు బొట్లు బొట్లుగా జారి కింద పడ్డాయి. బోడప్ప రెండుసార్లు కళ్ళు ఆర్పి, ఇంకేమైనా ఉందా అన్నట్టు చూసింది. స్కూల్లో ఇంత శ్రద్ధగా ఏ ప్రయోగమూ చేయించి ఉండను. గురువారం కూడా చేసి చూశాను, అదే ఫలితం.

జాతర శుక్రవారం. తెల్లవారుజామునే లేచి బోడప్పకు ముందు కడుపునిండా రాగిముద్ద పెట్టాను, తరవాత ఆముదం పట్టించాను. మెడ తళతళ మెరుస్తుంటే, "అబ్బ, అమ్మ దగ్గరికి పోతా ఉండామని ఎంత కళగా ఉండాడో చూడు" అని అత్త మురిసిపోయింది. ఆమె కళ్ళు అప్పటికే తడిగా ఉన్నాయి. నేను తల తిప్పుకుని చెప్పులు వెతికాను.

గంగమ్మ గుడి మా లైను చివరే. పూజారి మిగతా రోజుల్లో ఆటో నడుపుతాడు. జాతరనాడు మాత్రం పసుపు పంచె కట్టి, మనం ఎవరో తెలియనట్టు చూస్తాడు. అత్త రెండు చేతులా బోడప్పను పట్టుకుని గడప ముందు నేల మీద నిలబెట్టింది. మొదటిసారి నీళ్ళు చల్లాడు. బోడప్ప కదల్లేదు. రెండోసారి ఇంకొంచెం గట్టిగా చల్లాడు. అది ఒంటికాలి మీద నిలబడింది. వెనక క్యూలో వాళ్ళు కొందరు నవ్వారు. మూడోసారి చెంబు వంచేసినంత పని చేశాడు. బోడప్ప మెడ చాచి, నేల మీద పడిన ఒక బియ్యపు గింజను చూసి, కొక్కొక్కొ అని ఏదో పెట్టను పిలిచింది.

"అమ్మకు వద్దంట. తీసుకోని పొండమ్మా" అన్నాడు పూజారి.

అత్త అక్కడే కూలబడి గంగమ్మకు దండం పెట్టింది. లేచి బోడప్పను గుండెలకు హత్తుకుంది. "ఎంత మంచి తల్లి, ఎంత మంచి తల్లి" అంటూ ఇంటిదాకా నడిచింది. దారిలో కనిపించిన ప్రతివాళ్ళనూ ఆపి చెప్పింది. నేను వెనకాల నా తెలివికి నేనే మురిసిపోతూ వచ్చాను. ఒక పుంజును కాపాడాను, ఒక వంశాన్ని నిలబెట్టాను, ముసలావిణ్ణి సంతోషపెట్టాను, ఎవరికీ నష్టం లేదు అనుకున్నాను.

మధ్యాహ్నం అత్త పెరట్లో నుంచి పిలిచింది. వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని ఉంది. పొద్దున కట్టిన చీర ఒళ్ళో పరిచి పెట్టుకుంది. గుండెల మీద పడే కొంగు భాగమంతా జిడ్డు మరక. ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. నలభై ఏళ్ళుగా మొగుడి తలకూ కొడుకు తలకూ ఆముదం రుద్దిన మనిషి. ఆమె దగ్గర ఆ వాసన దాగుతుందని నేనెలా అనుకున్నానో తెలియదు.

"ఇది నువ్వు చేసిన పనేనా?"

అబద్ధం ఆడదామనుకున్నాను. నోరు రాలేదు. "నీ కోసమే అత్తా. అది పోతే నువ్వు తట్టుకోలేవు. ఆయనకు ఉద్యోగం ఎట్లాగూ పర్మనెంటు అయిపోయింది కదా, అమ్మ ఏమీ అనుకోదు."

"ఉద్యోగమా?" అత్త నా వైపు వింతగా చూసింది. "ఉద్యోగానికి ఎవురన్నా బోడప్పను మొక్కుతారా? దానికి టెంకాయ చాలు."

మరి దేనికని అడిగాను.

"ఆ డాక్టరు వచ్చి ఈ రేయి గడిస్తే చూస్తాము అని చెప్పి పోయినాడు. నా కొడుకు వరండాలో కూసోని ఏడస్తా ఉండాడు. నేను యాడికి పోదును? నా చేతిలో ఏముండాది? పెరట్లో ఈ ఒక్క పుంజు ఉండాది. అమ్మా, నా కోడల్ని ఇంటికి పంపీ, బోడప్పను నీకు ఇచ్చేస్తానంటిని. పొద్దున్నే నువ్వు కండ్లు తెరిచి కాఫీ అడిగితివి." ఆమె ఆ జిడ్డు మరకను నా ముందుకు చాపింది. "నీ ప్రాణానికి కట్టిన మొక్కమ్మా అది. దాంట్లో ఆముదం పూస్తివే."

నాకు మొక్కుల్లో నమ్మకం లేదు. నన్ను బతికించింది సెలైన్లు, డాక్టర్లు అని ఇప్పుడూ అంటాను. కానీ ఆ మధ్యాహ్నం ఆ అరుగు మీద నేను అది అనలేకపోయాను. చుక్కల మందు మరిచిపోయి పెరడంతా ఖాళీ చేసిన కోడలి కోసం, మిగిలిన ఒక్క పుంజునూ ఇచ్చేయడానికి సిద్ధపడిన మనిషి ఆమె. ఆ మాట ఎనిమిది నెలలు కడుపులో పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె ఒళ్ళో, ఆ ఆముదపు చీర మీదే తల పెట్టి ఏడ్చాను.

"ఏడవబాకు" అంది అత్త. "మళ్ళా శుక్రవారం పోదాము. ఆమె అమ్మ కదా, తెలియక చేసిందనుకుంటాది."

ఆ వారమంతా మా ఇంట్లో ఎవరూ బోడప్ప మాట ఎత్తలేదు. దానికి మాత్రం రాజభోగాలే. అత్త వేరుశనక్కాయలు ఒలిచి పెట్టింది. మా ఆయన మాలూరు నుంచి ద్రాక్షపళ్ళు తెచ్చారు. అది ఆ ద్రాక్షపళ్ళు కూడా ముందు పెట్టలకే చూపించింది.

శుక్రవారం పొద్దున నేనే దానికి తలంటాను. గోరువెచ్చటి నీళ్ళు, శీకాయ పొడి. ఈక ఈకా విడదీసి జిడ్డంతా పోయేదాకా రుద్దాను. అది కళ్ళు మూసుకుని నిలబడింది, దానికి హాయిగా ఉన్నట్టుంది. తువ్వాలుతో తుడిచి ఎండలో ఆరబెట్టి, నేనే చంకలో పెట్టుకుని అత్త వెంట గుడికి నడిచాను. పూజారి ఆ రోజు ఆటో డ్యూటీలో ఉన్నాడు. స్టాండులోంచి పిలుచుకొస్తే, "మళ్ళానా?" అన్నాడు. ఖాకీ చొక్కా మీదే తుండు కప్పుకుని చెంబు తీసుకున్నాడు. మొదటి చెంబు నీళ్ళు పడగానే బోడప్ప నిలువెల్లా విదిలించింది. ఆ నీళ్ళు మా ముగ్గురి మొహాల మీదా పడ్డాయి.

మిగతాది పెద్దగా చెప్పను. ఇంటికి తెచ్చాం, చేయాల్సింది మా ఆయన చేశారు, అత్త వండింది. అమ్మకు పెట్టాక నా విస్తట్లో మొదటి ముక్క వేసింది. నేను ఆ ముక్కను విస్తరి అంచుకు జరిపాను. "తినమ్మా" అంది. "నీ ప్రాణానికి బదులు పోయినాడు. నువ్వే తినకుంటే ఎట్ల?" తిన్నాను. రుచి తెలియలేదు. ఆమె కూడా తింది, మధ్యమధ్య కొంగుతో కళ్ళొత్తుకుంటూ. మా ఆయన చెయ్యి కడుక్కుని వీధిలోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డారు.

మర్నాడు పొద్దున పెరడు మూగబోయి ఉంది. కాఫీ కలుపుతుంటే అత్త హెల్మెట్‌తో వచ్చింది. రాగుల్లో ఒక గుడ్డు కొత్తగా గుచ్చి ఉంది.

"పుంజు పోయినా పది దినాల వరకూ పెట్టే గుడ్లలో జీవం ఉంటాది" అంది. "ముసలిదీ దాని కూతురూ ఇద్దరూ పెడతా ఉండారు. ఇంట్లో ఎవురన్నా ఆమ్లెట్టు మాట ఎత్తితే చూడు."

ఆ పది రోజులు మా ఇంట్లో గుడ్డు ముట్టినవాడు లేడు. మొత్తం తొమ్మిది గుడ్లు వచ్చాయి. మొన తేలిన గుడ్డులో పుంజు ఉంటుంది, గుండ్రటి దాంట్లో పెట్ట ఉంటుంది అని అత్త వాటిని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసింది. అలాంటిదేమీ లేదత్తా, సగానికి సగం అవకాశం, అంతే అని నేను చెప్పాను. బోడిమెడ రావడం సగం, పుంజు కావడం అందులో సగం. చెప్పాక ఆ లెక్కకు నాకే భయం వేసింది. కూతురు పెట్ట పొదుగుకు కూర్చుంది. ఇరవై ఒక్క రోజులు నేను స్కూలు నుంచి రాగానే బ్యాగు దించకుండా గంప దగ్గరికే పోయేదాన్ని. చుక్కల మందు ఈసారి ముందే మాట్లాడి పెట్టాను. కాంపౌండరుకు నన్ను చూస్తేనే తేదీ గుర్తొచ్చేది.

ఏడు పిల్లలు లేచాయి. నాలుగింటికి మెడ బోడి. పుట్టిన రోజు నుంచే తెలిసిపోతుంది, చిన్న గులాబీ రంగు మెడ. కానీ పుంజా పెట్టా అనేది తెలియడానికి వారాలు పట్టింది. అత్త రోజుకొకదాన్ని పట్టుకుని కాళ్ళు చూసేది, తోక చూసేది, "ఇది మొగోడే" అనేది, మర్నాడు మాట మార్చేది. పక్కింటి అక్క గోడ మీంచి తన ఓటు వేసేది. మా ఆయన కూడా రైలు దిగి వచ్చి టీ తాగకుండా నాలుగింటినీ వరసగా చూసి, ఏమీ తేల్చలేక లోపలికి పోయేవారు. వాటిలో ఒకటి మాత్రం గింజ కనిపిస్తే తినకుండా ఆగి అటూ ఇటూ చూడడం మొదలుపెట్టింది. నేను ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే దిష్టి తగులుతుందని భయం. అవును, నాకే.

ఒక ఆదివారం పొద్దున పళ్ళు తోముకుంటున్నాను. పెరట్లో తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు ఒక చప్పుడైంది. నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తాను. అత్త నాకన్నా ముందే అక్కడుంది. ఎండలో ఆరబెట్టిన మామయ్య హెల్మెట్ మీద ఎక్కి నిలబడింది ఆ పిల్ల. డేగ రంగు ఈకలు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఎర్రటి బోడి మెడ చాచి, ఒళ్ళంతా బిగబట్టి మళ్ళీ కూసింది. కూత సగంలో విరిగిపోయింది. దానికే ఆశ్చర్యమేసినట్టు కిందికీ పైకీ చూసింది.

నేనూ అత్తా ఒకరినొకరు పట్టుకుని నవ్వాం. నా నోట్లో నురగంతా ఆమె భుజం మీద పడింది. ఆమె పట్టించుకోలేదు. అలవాటుగా చెయ్యి తిప్పి నా నుదుటికి ఆనించి, కాసేపు అలాగే ఉంచింది.

"చల్లగానే ఉండాది" అంది. తరవాత ఆ పుంజు వైపు చూపిస్తూ వేలు ఆడించింది. "ఇదో, ఇప్పుడే చెప్తా ఉండా. వీడు పోతే ఇంగ నా దగ్గర ఇచ్చేదానికి ఏమీ లేదు. నువ్వు మటుకు జొరం తెచ్చుకోబాకు."

ఆ సాయంత్రమే మా ఆయన చేత అన్ని కిటికీలకూ దోమతెరలు కొట్టించాను.